కొత్తదే మేలన్నాయన అద్దాల బీరువా

జుబియాని మనం కిందటి వారం తెరిచిన అల్మరా ముందు నిలబెట్టి వచ్చాం. మధ్యలో చేరినవాళ్ల కోసం నాలుగు ముక్కలు చెప్పి ముందుకు పోదాం. జుబియా ఉండేది విజయవాడ వించిపేటలో. ముస్లిం పెళ్లిళ్లలో ఆడవాళ్ల వైపు ఫొటోలు తీయడం ఆమె పని. మగ ఫొటోగ్రాఫరు గడప దాటలేని గదుల్లోకి ఆమె కెమెరా పట్టుకుని వెళ్తుంది. ఆమె ముందు వాళ్లు ముసుగు తీసి నవ్వుతారు, జడలు విప్పుకుంటారు, ఒకరి మొహానికొకరు పసుపు పూసుకుంటారు. అందుకు ఆమె ఇచ్చే మాట ఒక్కటే: ఆ ఫిలిం మగవాడి చేతిలో పడదు. గవర్నర్‌పేటలో ఒక కలర్ ల్యాబులో మెషీను నడిపే సుధామణి, మధ్యాహ్నం అందరూ భోజనాలకి పోయినప్పుడు తలుపు వేసుకుని ఆ రోళ్లు తనే కడుగుతుంది. జుబియా పక్కనే నిలబడుతుంది. ప్రింట్లూ నెగెటివులూ మొత్తం పెళ్లికూతురి తల్లి చేతిలో పెట్టేదాకా ఆమెకి అన్నం సహించదు. తన దగ్గర ఒక్కటీ ఉంచుకోదు. ఇంత పేరున్న ఫొటోగ్రాఫరు ఇంట్లో గోడ మీద ఒక్క ఫొటో లేదంటే చూసినవాళ్లు నమ్మరు.

ఇప్పుడు బందరులో అన్వరీ కూతురి పెళ్లి నడుస్తోంది. పసుపు పూసే హల్దీ, నిఖా అయిపోయాయి, రెండు వైపులవాళ్లూ కలిసి అన్వరీ ఇంట్లోనే పెట్టుకున్న వలీమా విందు రేపు ఆదివారం. ఈ మధ్యలో అమ్మమ్మకి జ్వరమని జుబియా ఏలూరు వెళ్లింది. శనివారం పొద్దున తిరిగొచ్చి అల్మరా తీస్తే, తన పాత కెమెరా ఉండాల్సిన చోట తళతళలాడుతూ ఇంకోటి కూర్చుని ఉంది.

"ఎట్టా ఉంది ఆపా?"

వెనకాల తమ్ముడు నాసిర్ చేతులు కట్టుకుని నిలబడ్డాడు. మొహం చాటంత అయింది. ఆటోనగర్‌లో లారీ స్పేర్ పార్టుల షాపులో పనిచేస్తాడు నాసిర్. అక్క అంటే ప్రాణం. ఆ ప్రాణం పెట్టే మనిషే ఇంత పని చేశాడని జుబియాకి అప్పటికి తెలీదు.

"ఎవరిదిరా ఇది?"

"నీదే. జపాన్ వాళ్లు కొత్తగా దింపారంట. చూడు, పైన వెండి రంగు, కింద నల్లతోలు, తిప్పే లీవరు, చక్రాలు. అచ్చం నీ పాతదాని మాదిరే. కానీ ముట్టుకుంటే మాసిపోయేట్టు కొత్తది."

జుబియా దాన్ని చేతిలోకి తీసుకుంది. అబద్ధమెందుకు, బాగుంది. కన్ను ఆనిస్తే లోపల వెలుతురు పొంగింది. పాతదానిలో ఓ మూల ఎప్పుడూ మసక. వెలుతురు ఎంతుందో చూపించే చిన్న ముల్లు కదిలింది. లీవరు వేలికి వెన్నలా కదిలింది. ఒక్క క్షణం ఆమె చెయ్యి దాన్ని ఇష్టపడింది. ఆ ఇష్టం మీదే ఆమెకి ముందు కోపం వచ్చింది. తర్వాత మీట నొక్కింది. ఠప్పుమని లోపల అద్దం లేచి పడింది.

"ఈ చప్పుడేంట్రా?"

"కెమెరా అన్నాక చప్పుడు రాదా?"

"పాతదానికి వచ్చేదా? పక్కనున్న మనిషికి కూడా తెలిసేది కాదు. ఈ చప్పుడు వినపడితే అక్క చెల్లెళ్లు, అత్తా కోడళ్లు అందరూ బిగుసుకుపోయి నా వంక చూస్తారు. పాస్‌పోర్టు ఫొటోలకి కూర్చున్నట్టు కూర్చుంటారు. అది సరే. పాతదెక్కడ?"

"ఇచ్చేశా," అన్నాడు నాసిర్, ఘనకార్యం చెప్తున్నట్టు. "బీసెంట్ రోడ్డులో హేమసుందర్‌గారి షాపు ఉంది గదా, ఆయన పాతది తీసుకుని ఇది ఇచ్చాడు. పైన కొంత నేను కట్టాన్లే. ఎంతని అడగబాక, తమ్ముడు ఇచ్చిందనుకో."

"నన్ను అడిగావా?"

"అడిగితే వద్దంటావని..."

"వద్దంటానని తెలిసే చేశావన్నమాట!"

నాసిర్ మొహం కొంచెం తగ్గింది. అయినా పట్టు వదల్లేదు. "నువ్వు అరవబాక ఆపా. నా మాట విను. ఆటోనగర్‌లో రోజూ చూస్తన్నా. పాత ఇంజనుకి రంగేసి అమ్ముతారు. కొన్నోడు నెల తిరక్కుండా నడిరోడ్డు మీద లారీ ఆపుకుని ఏడుస్తాడు. నీ కెమెరా ఏ పెళ్లిలో ఆగిపోద్దో నీకు తెలుసా? ఆగితే స్పేరు దొరుకుద్దా? మనూరి గాలికి లెన్సులో బూజు పడద్దంట, హేమసుందర్‌గారు చెప్పాడు. దీనికి వారంటీ ఉంది. రోలు ఉందో లేదో వెనకాల చిన్న అద్దంలోంచి కనపడద్ది. నీ పాతదానికి ఆ అద్దం కూడా లేదు గదా."

వీటిలో ఏదీ తప్పు కాదు. జుబియా ఒళ్లు మండింది అందుకే. తప్పుడు మాటలైతే నాలుగు దులిపి పంపేది. ఇవన్నీ ఆమె తనలో తను ఎన్నోసార్లు అనుకున్న మాటలే. బాగుచేసేవాడు దొరకడు, ఎండాకాలం షట్టరు ఒక్కోసారి మొరాయిస్తుంది, ఇంకెన్నాళ్లు లాగుతుందో తెలీదు. కొత్తది కొనుక్కోవాలా వద్దా అన్నది ఆమె తేల్చుకోవాల్సిన విషయం. ఆమె చెయ్యి, ఆమె కన్ను, ఆమె పని. లారీ గేరుబాక్సులు అమ్మేవాడూ కెమెరాలు అమ్మేవాడూ కలిసి కూర్చుని ఆమె పనిముట్టు ఏదో తేల్చేశారు. ఆమెకి మాట మాత్రం చెప్పలేదు.

"అది శౌరమ్మగారిదిరా," అంది. "గుణదల తిరనాళ్లలో వాళ్లాయన కొండెక్కేవాళ్లకి ఫొటోలు తీసిన కెమెరా. ఆయన పోయాక నన్ను పిలిచి, పని నేర్పి, నా చేతిలో పెట్టింది. దాన్ని పట్టుకెళ్లి తూకానికి వేసినట్టు వేసొచ్చావా?"

"ఏం పట్టించుకోకుండా ఇచ్చాననుకున్నావా?" నాసిర్‌కి కూడా రోషం వచ్చింది. "కెమెరా పట్టీకున్న తాయెత్తు దారం విప్పి జాగ్రత్తగా దాచా. దర్గా దారాన్ని బయటోళ్ల చేతికి ఎట్టా ఇస్తాం? కాళ్లూ చేతులూ కడుక్కుని, వజూ చేసుకుని మరీ విప్పా, తెలుసా?"

ఖురాన్ పెట్టే గూడు కింద అరలోంచి కాగితం పొట్లం ఒకటి తీసి భక్తిగా విప్పాడు. లోపల జానెడు ఆకుపచ్చ దారం.

జుబియా దాన్ని చూసి మంచం మీద కూర్చుండిపోయింది.

అది తాయెత్తు కాదు, దర్గా దారమూ కాదు. కుట్టుపెట్టెలోంచి తెంపిన దారప్పోగు. పాత కెమెరాలో నంబరు చూపించే ముల్లు ఎప్పుడో విరిగి సున్నా దగ్గరే నిలిచిపోయింది. లోపల ఫిలిం ఉన్నదీ లేనిదీ పైనుంచి చూస్తే తెలీదు. అందుకని శౌరమ్మ ఒక పద్ధతి పెట్టుకుంది. రోలు ఎక్కించగానే పట్టీకి దారం కట్టాలి, రోలు దించాక విప్పాలి. జుబియాకీ అదే అలవాటైంది. దారం ఉన్నంతసేపు ఆ కెమెరా మూత ఎవరూ తీయకూడదు. శౌరమ్మ చీర అంచు పోగు కట్టేది, జుబియా చేతికందిన ఆకుపచ్చది కట్టింది. ఆ ఇంట్లో ఆకుపచ్చ దారానికి ఇంకో అర్థం ఉంటుందని ఆమెకి తోచలేదు. దారం ఎందుకని నాసిర్ అడగనూ లేదు.

"నాసిర్. లోపల రోలుంది."

"లేదాపా. చూశా. సున్నా మీదుంది."

"ఆ ముల్లు నేను కెమెరా పట్టిన రోజు నుంచీ సున్నా మీదే ఉందిరా!"

"ఎవరి రోలు?" అన్నాడు నాసిర్.

"అన్వరీ ఖాలావాళ్లది. హల్దీ రోజుది. నిఖాలో ఫొటోలు వద్దన్నారు, మిగిలిన సగం రేపటి వలీమాకి ఉంచా."

నాసిర్ చేతిలో పొట్లం గబగబా మడిచేశాడు. పిన్ని వరసన వాళ్లు ఖాలా అని పిలిచే అన్వరీ అంటే ఎవరో వాడికి తెలుసు. హజ్ పాస్‌పోర్టుకి తప్ప జన్మలో ఫొటో తీయించుకోని మనిషి. అది భర్త పెట్టిన కట్టడి కాదు, ఆమె తనకు తాను పెట్టుకున్న నియమం. నా మొహం నాది, నేను చూపించాలనుకున్నవాళ్లే చూడాలి అంటుంది. కూతురి పెళ్లిలో మొదటిసారి ఆమెకే మనసు పుట్టింది. భర్త కాశిం బందరులో ఇనుప సామాన్ల వ్యాపారి, నలుగురికీ తగువులు తీర్చే పెద్దమనిషి. జుబియాని ఎదురుగా కూర్చోబెట్టి ఆయన ఒక్క ప్రశ్న అడిగాడు: "ఆమె కోరుకుంది, నేను కాదనను. రేపు ఏదన్నా తేడా వస్తే జవాబు ఎవరిది బేటీ?" జుబియా "నాది" అంది. ఆ ఒక్క మాట మీద ఆ ఇంటి తలుపు తెరుచుకుంది.

"బండి తియ్యి," అంది జుబియా.

నాసిర్ బండిని రైలు కట్ట కింద వంతెన దాటించి బీసెంట్ రోడ్డు వైపు తిప్పాడు. ఆమె ఒళ్లో కొత్త కెమెరా పెట్టెతో సహా ఉంది. డిజిటల్ కెమెరాలు వస్తున్నాయి, ఇక రోళ్లకి రోజులు చెల్లాయి అని పేపర్లు రాస్తున్న రోజులవి. అందుకేనేమో ఫిలిం కెమెరాలు అమ్మేవాళ్లు కొత్త సరుక్కి పాత వేషం వేసి, పాతకాలం మీద జనానికున్న మమకారాన్ని సొమ్ము చేసుకుంటున్నారు. చేసుకోనీ, అది వ్యాపారం. ఈ హేమసుందర్ చేసింది వ్యాపారం కూడా కాదని ఇంకాసేపట్లో తేలబోతోంది.

హేమసుందర్ షాపు చల్లగా, పరిమళంగా ఉంటుంది. ఆయనా అంతే. ఇస్త్రీ చెదరని సఫారీ సూటు, బంగారు ఫ్రేము కళ్లజోడు, ఊళ్లో ఫొటోగ్రాఫర్ల సంఘానికి అధ్యక్షుడు. లోపలికి రాగానే ఎడమ పక్కన అద్దాల బీరువా. అందులో పాత కెమెరాలు బారుగా పేర్చి ఉన్నాయి. నడిమి అరలో, ప్రత్యేకంగా ఒక చిన్న లైటు కింద, ముఖమల్ గుడ్డ మీద శౌరమ్మ కెమెరా. తుడిచి మెరుగు పెట్టారు. ముందు చిన్న అట్ట: "అమ్మకానికి కాదు."

నాసిర్ ఆ అట్ట చదివి, ఇంకోసారి చదివాడు.

"రండి మేడమ్, రండి!" హేమసుందర్ లేచి నిలబడ్డాడు. "కొత్త కెమెరా ఎలా ఉందండీ? మీ తమ్ముడుగారికి మీ మీద ఎంత అభిమానమండీ."

"నా కెమెరా ఆ బీరువాలో ఎందుకుందండీ?"

"అదాండీ? ఎక్స్‌ఛేంజిలో వచ్చిందండీ. ఏదో నా సరదా."

"పాతవి పనికిరావని మా తమ్ముడికి చెప్పారంటగా. బూజు పడతాయన్నారు. స్పేర్లు దొరకవన్నారు. పనికిరానిదానికి ముఖమల్ గుడ్డెందుకు, లైటెందుకు?"

"అయ్యో, మీరు వేరేగా అనుకుంటున్నారండీ." హేమసుందర్ చిన్నపిల్లకి పాఠం చెప్తున్నంత ఓపిగ్గా నవ్వాడు. "పని చేసుకునేవాళ్లకి కొత్తదే మేలండీ. ఆ మాట మీద ఇప్పటికీ నిలబడతాను. మీరు పెళ్లిళ్లకి తిరిగేవాళ్లు, మీకు నమ్మకమైన మిషను కావాలి. ఇది యాంటిక్ పీసండీ. విలువ తెలిసినవాళ్ల దగ్గర ఉండాలి."

"విలువ తెలిసినవాళ్లు!" జుబియా గొంతు లేచింది. కౌంటరు దగ్గర ఫిలిం కొంటున్న ఇద్దరు కుర్రాళ్లు తిరిగి చూశారు. "దానితో పదేళ్లు అన్నం తిన్నదాన్ని నేను. నాకు విలువ తెలీదు, అద్దం వెనకాల పెట్టి చూసుకునే మీకు తెలుసు! మంచిది మీకు, మెరిసేది మాకు. అదేగా మీరు చెప్పేది?"

"ఏవండీ," నాసిర్ ముందుకొచ్చాడు. "ఇనప సామాన్లోడు కూడా తీసుకోడు, మీ మొహం చూసి తీసుకుంటన్నా అన్నారు గదండీ నాతో. టీ కూడా తాగించారు!"

పాపం నాసిర్. ఆటోనగర్‌లో వాడి ముందు ఎవడైనా పాత బేరింగుకి గ్రీజు పూసి తెస్తే వాసన చూసి విసిరేస్తాడు. అలాంటి వాడు ఏసీ గదిలో, కప్పు టీకి, అక్క బతుకుతెరువు అప్పగించి వచ్చాడు. ఆ సంగతి వాడికి ఇప్పుడే అర్థమవుతోంది.

"బేరం అన్నాక నాలుగు మాటలు ఉంటాయండీ. బలవంతం ఏమన్నా చేశానా?" హేమసుందర్ కళ్లజోడు సర్దుకున్నాడు.

"కెమెరా సంగతి తర్వాత తేల్చుకుంటా," అంది జుబియా. "ముందు అందులో ఉన్న రోలు ఇవ్వండి."

మొదటిసారి ఆయన నవ్వు కొంచెం తడబడింది. "రోలు... ఉందండీ. చుట్టే పిడి తిప్పి చూస్తే బరువుగా తగిలింది. ఆ మాత్రం నాకు తెలీదాండీ? వెలుతురు పడకుండా జాగ్రత్తగా వెనక్కి చుట్టి తీశాను."

"తీసి?"

"మా మెషీనులోనే కడిగించాను."

"ఎవరు కడిగారు?"

"మా కుర్రాళ్లేనండీ."

"లోపల రోలుందని తెలిసింది. అది ఎవరో ఒకరిదని తెలిసింది. మా తమ్ముడి ఫోను నంబరు మీ దగ్గరుంది. ఒక్క ఫోను చెయ్యడానికి మీకు చేతులు రాలేదా?"

"ఏదో పాత రోలు, మర్చిపోయారేమో అనుకున్నానండీ. అయినా కెమెరా నా చేతికొచ్చాక లోపల ఉన్నది కూడా..."

"పాత బీరువా కొంటారు. అరలో ఎవరిదో గొలుసు దొరుకుద్ది. మెళ్లో వేసుకుని తిరుగుతారా?"

హేమసుందర్ సొరుగు తీసి ఒక కవరు కౌంటరు మీద పెట్టాడు. ఈ గొడవ తన స్థాయికి తగింది కాదన్నట్టు కవరు వైపు కూడా చూడలేదు. జుబియా కవరు గబుక్కున లాక్కుని, తెరవకుండా గుండెకి అదుముకుంది. ఎంతమంది చేతులు మారిందో, ఎన్ని కళ్లు పడ్డాయో తలుచుకుంటే ఒళ్లంతా కంపరమెత్తింది.

"మీరు తీసినవాండీ అవి?" హేమసుందర్ గొంతు ఒక్కసారిగా మారింది. నిజంగానే మురిసిపోతున్నాడు, చూడండి! "ఎంత బాగా వచ్చాయండీ. ఆ లెన్సు మహిమ. ఆ మెత్తదనం ఈ కాలం లెన్సులకి చచ్చినా రాదండీ. ఎంత కొత్తవైనా రాదు."

ఇందాక కొత్తదే మేలన్న నోరు ఇదే. జుబియా ఆయన వంక చూసింది. "లెన్సు తనంతట తాను ఆ ఇంట్లోకి నడిచి వెళ్లిందాండీ? ఆ తల్లి దాన్ని చూసి నవ్విందా?"

"ఆహా, నేను మిమ్మల్ని తక్కువ చేయలేదండీ. అందులో ఒక ఫొటో ఉంది చూడండి, నాకు రాత్రంతా నిద్ర పట్టలేదు. అందుకే..." ఆయన చెయ్యి ఆమె భుజం మీదుగా వెనక గోడ వైపు చూపించింది.

జుబియా తిరిగింది.

తలుపు పక్క గోడకి, లోపలికొచ్చిన ప్రతివాడూ బయటికి పోతూ చూసేలా, గజం ఎత్తు ఫ్రేము. అందులో అన్వరీ. పెరట్లో పీట మీద కూర్చుని ఉంది. వదినలెవరో రెండు చెంపలకీ పసుపు పూసేశారు. దుపట్టా జారి నేల మీద పడింది, నెరిసిన జుట్టు విడిపోయి భుజాల నిండా పరుచుకుంది, తల వెనక్కి వాల్చి కడుపారా నవ్వుతోంది. యాభై ఏళ్లు ఎవరికీ చూపించని నవ్వు. ఆ ఫొటో తీసేటప్పుడు జుబియాకి కళ్లనీళ్లు తిరిగాయి. ఇది చూస్తే ఖాలా ఏమంటుందో అని ఆశగా ఎదురుచూసింది. ఫ్రేము కింద ఇత్తడి రేకు: "ఛాయాగ్రహణం: హేమసుందర్."

ఫిలిం కొనడానికి వచ్చిన కుర్రాళ్లలో ఒకడు దాన్నే చూస్తూ, "భలే ఉందండీ," అన్నాడు.

జుబియాకి అరికాలి మంట నెత్తికెక్కింది. కదిలింది నాసిరే. వాడు నేల వంక చూస్తూ, తల ఎత్తకుండా, గోడ దాకా నడిచాడు. చేతులతో తడుముకుంటూ ఫ్రేము అంచులు పట్టుకున్నాడు. దాన్ని దించి, మొహం గోడ వైపు తిప్పి కింద పెట్టాడు. తర్వాత దానికి అడ్డంగా నిలబడ్డాడు. ఆ మొహాన్ని ఒక్కసారి కూడా చూడలేదు. కుర్రాళ్లిద్దరూ చల్లగా బయటికి జారుకున్నారు.

"ఇదేం దౌర్జన్యమండీ!" హేమసుందర్ ఎర్రబడ్డాడు.

"దౌర్జన్యం మీది," అంది జుబియా. "ఆ రేకు మీద మీ పేరు ఎట్టా వేసుకున్నారు? మీ పేరు కింద ఆవిడ నవ్వడానికి ఆవిడ మీకు ఏమవుతుంది?"

"నా దగ్గర కడిగాను, నేను ప్రింటు చేశాను. తీసింది ఎవరో నాకు తెలీదు కదండీ అప్పుడు. అయినా ఆవిడెవరో చూసేవాళ్లకి ఎలా తెలుస్తుందండీ? మీరు అనవసరంగా కంగారు పడుతున్నారు. ఇది దించినంత మాత్రాన..." అంటూ ఆయన ఆగిపోయాడు.

"దించినంత మాత్రాన?"

హేమసుందర్ కళ్లజోడు తీసి తుడవడం మొదలుపెట్టాడు. "రేపు ఆదివారం కదండీ. పేపరు వాళ్ల జిల్లా సంచికలో మంచి ఫొటో ఒకటి వేస్తారు. పంపమని అడిగితే... ఇదే పంపాను. నెగెటివు కూడా వాళ్ల దగ్గరే ఉంది."

"ఆ జిల్లా సంచిక బందరు పోదాండీ?" అంది జుబియా చాలా నెమ్మదిగా.

అప్పటికి గానీ ఆ పెద్దమనిషికి ఆ ఫొటోలో ఉన్నది ఒక ఊరున్న మనిషని తట్టలేదు. ఫోను తీసి ఎవరికో చేశాడు, అటువైపు మాట విన్నాడు, పెట్టేశాడు. "పేజీ అచ్చుకి వెళ్లిపోయిందటండీ," అన్నాడు. "రేపు పొద్దున పేపరు వచ్చాక వివరణ ఏదన్నా..."

జుబియా ఆయన మాట పూర్తి కానివ్వలేదు. కౌంటరు మీది ఫోను తన వైపు లాక్కుంది.

"ఎవరికాపా?" నాసిర్ కంగారుగా గోడ దగ్గర్నుంచే అడిగాడు.

"అన్వరీ ఖాలాకి."

"వద్దాపా! రేపు పెళ్లి విందు. ఇంటి నిండా చుట్టాలు. వాళ్లు పేపరు తెప్పిస్తారో లేదో. చూడకపోతే? చూసినా నువ్వు తీసినట్టు ఎవరికి తెలుసు? కింద పేరు ఈయనది గదా."

ఆ మాట వినగానే జుబియా చెయ్యి ఒక్క క్షణం ఆగింది. నాసిర్ చెప్పింది నిజం. నోరు మూసుకుంటే తప్పించుకోవచ్చు. పేరు దొంగిలించినవాడే ఆమెకి దాక్కునే చోటు కూడా ఇచ్చాడు. ఆ ఆలోచన రావడమే ఆమెకి అసహ్యమేసింది.

"రేపు వీధిలో ఎవరో పేపరు పట్టుకుని ఆవిడ గుమ్మంలోకి వస్తారురా," అంది. "వాళ్ల నోటితో వినే ముందు నా నోటితో వినాలి. జవాబు నాదన్నాను."

నంబరు తిప్పింది. అటువైపు ఇల్లంతా సందడిగా ఉంది, గిన్నెలు, పిల్లలు, ఎవరో పాడుతున్నారు. అన్వరీ గొంతు ఆయాసంగా, సంతోషంగా వచ్చింది.

"జుబియా! నేనే చేద్దామనుకుంటన్నా బేటీ. హైదరాబాదు నుంచి మా తోటికోడళ్లు వచ్చారు. ఫొటోలంటే మేం రామని కూర్చున్నారు. నేనేమన్నానో తెలుసా? వచ్చేది జుబియా, నా మొహం నేనే ఇచ్చాను ఆ పిల్లకి, మీకేం భయం అన్నా. ఒప్పుకున్నారు. పొద్దున్నే మొదటి బస్సుకే వచ్చెయ్యి."

జుబియా కళ్లు మూసుకుంది.

"ఖాలా, రేపు నేను కెమెరా తేవట్లేదు. మీతో ఒక మాట చెప్పాలి. కూర్చోండి."

"ఏందమ్మా? మీ నానీకి జ్వరం తగ్గిందా?"

"నానీ బాగానే ఉంది. ఖాలా, హల్దీ రోజు రోలు నా చెయ్యి దాటిపోయింది. నేను ఏలూరులో ఉండగా, నాకు తెలీకుండా. ఎవరో కడిగారు. అందులో మీ ఫొటో ఒకటి రేపటి పేపర్లో వస్తోంది. ఆపలేకపోయాను."

పాట పాడేవాళ్లు ఇంకా పాడుతూనే ఉన్నారు. అన్వరీ అడిగింది.

"పెరట్లోదా?"

"అవును ఖాలా."

"తల మీద దుపట్టా ఉందా?"

జుబియా గోడ వైపు తిప్పి ఉన్న ఫ్రేము వంక చూసింది. అబద్ధం చెప్పడానికి ఒక్క మాట చాలు.

"లేదు ఖాలా."

ఊపిరి పీల్చిన చప్పుడు వినిపించింది, అంతే. ఏడుపు రాలేదు, తిట్టు రాలేదు. రెండింట్లో ఏదొచ్చినా జుబియా తట్టుకునేది. "ఖాలా, ఏమన్నా అనండి," అని బతిమాలింది. ఆమె ఇంకోసారి పిలవబోతుండగా అదే లైనులో మగగొంతు వినిపించింది. ఆ ఇంట్లో ముందుగదిలోనూ ఇంకో ఫోను ఉందనీ, కాశిం మొదటి మాట నుంచీ వింటున్నాడనీ జుబియాకి అప్పుడు అర్థమైంది.

"ఫోను పెట్టకు బేటీ," అన్నాడు కాశిం. గొంతులో కోపం లేదు. పాత బాకీ ఏదో నిదానంగా అడుగుతున్న వ్యాపారి గొంతు. "నువ్వు చెప్పడం మంచి పని చేశావు. నీతో లెక్క తర్వాత చూసుకుంటాను. నా పెద్దబావమరిది బెజవాడలోనే ఉన్నాడు, నలుగురు కొడుకుల్ని వెంటేసుకుని విందు సామాన్లు కొంటున్నాడు. ఆ దుకాణం ఎవరిది? ఏ రోడ్డులో ఉంది?"

కౌంటరుకి అటువైపు హేమసుందర్ కళ్లజోడు పెట్టుకుని, ఆమె మొహంలోకి చూస్తూ, "ఏమంటున్నారండీ? సర్దుకుంటారా?" అని అడిగాడు.